హిమేజీ కోట గోడలో ముసలమ్మ తిరగలి

వైటూకే గండం గడిచాక మా సిడ్నీ ఆఫీసులో అందరికీ సెలవులు దొరికాయి. రెండేళ్ళపాటు పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను వెతికి నాలుగంకెలు చేసినవాళ్ళం, ఆ మాత్రం ఊపిరి కావలసిందే. వెస్ట్‌మీడ్‌లో మా కింది ఫ్లాట్లో ఉండే రఘు, మా ఆఫీసువాడే, ఒసాకాకి చవక టికెట్లు పట్టుకొచ్చాడు. "అంకుల్‌ని కూడా తీసుకెళ్దాంరా. రోజంతా బాల్కనీలో ఒక్కరే కూర్చుని బోర్ కొట్టదూ?" అన్నాడు. మా నాన్న విజిటర్ వీసా మీద వచ్చి అప్పటికి మూడు నెలలు.

నాకు చిక్కొచ్చి పడింది. మా నాన్న బిల్డింగ్ కాంట్రాక్టరని రఘుకి ఎప్పుడో కోసేశాను. నిజానికి ఆయన నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళలో సైకిలు మీద తిరుగుతూ రోళ్ళకీ తిరగళ్ళకీ కక్కు కొట్టేవాడు. అరిగి నున్నబడిన రాతిని ఉలితో పొడిచి మళ్ళీ గరుకు చేసే పని అది. సిడ్నీలో దిగిన రోజే, ఎవరైనా అడిగితే కాంట్రాక్టరని చెప్పమన్నాను. "సరేలేరా" అన్నాడు, అంతే. అప్పుడప్పుడూ మెట్ల మీద కలిసినప్పుడు నడిచిన ఆ నాటకం నాలుగు రోజులు కలిసి తిరిగితే నిలుస్తుందా అన్నదే నా భయం.

ఒసాకా నుంచి హిమేజీకి స్పెషల్ ర్యాపిడ్ రైల్లో గంట ప్రయాణం, మనిషికి అప్పట్లో దాదాపు పదిహేను వందల యెన్‌లు. బుల్లెట్ రైలైతే అందులో సగం సమయమే గానీ ఖర్చు రెట్టింపు దాటుతుంది, అనవసరం. ఎనిమిదింటికి ఎక్కి తొమ్మిదికల్లా దిగాం. స్టేషన్ బయటికి రాగానే రోడ్డు చివర తెల్లటి కోట కనబడుతుంది, తిన్నగా ఇరవై నిమిషాలు నడిస్తే చాలు. టికెట్ ఆరు వందలు. ఏప్రిల్ మొదటి వారం కావడంతో చెర్రీ పూల కింద ఇసుక వేస్తే రాలనంత జనం. గేటు దగ్గర ఇంగ్లీషు వచ్చిన పెద్దావిడ ఒకరు మాకు గైడుగా వచ్చారు. స్వచ్ఛందంగా చేస్తారట, డబ్బు ఇవ్వబోతే నవ్వి చేతులు ఊపారు.

రఘు పూలను ఫొటోలు తీస్తున్నాడు. నాన్న మాత్రం పూల వంక చూస్తే ఒట్టు. గోడలు పట్టుకుని నడుస్తున్నాడు. రాళ్ళ అతుకుల్లో వేలు పెట్టి చూస్తాడు, మళ్ళీ వెనకబడతాడు. "కమాన్ అంకుల్, లంచ్ లోపల టాప్‌కి వెళ్ళిపోవాలి" అని రఘు కేకేసినప్పుడల్లా నా ప్రాణం పోయి వస్తోంది.

పై గుమ్మాలు దాటుతుండగా గైడమ్మ ఆగి, గోడలో ఎత్తున వల బిగించిన ఒక తెల్లటి రాయి చూపించారు. కోట కట్టేటప్పుడు రాళ్ళు చాలకపోతే, అప్పాలు కాల్చి అమ్ముకునే ఒక ముసలమ్మ తన తిరగలి రాయి ఇచ్చేసిందట. అది విని ఊరంతా రాళ్ళు మోసుకొచ్చారట. రఘు ఆ కథంతా తెలుగులో చెప్పి, "గ్రేట్ కదా అంకుల్!" అన్నాడు.

నాన్న ఆ రాయిని చాలాసేపు చూశాడు. "మరి మర్నాడు ఆమె పిండి దేంతో ఇసురుకుందంటయ్యా? రాయి పోతే ఆమె పొయ్యి ఎట్టా వెలిగిద్ది? ఆ ముక్క అడుగు."

నేను అడిగాను. గైడమ్మ ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదనీ కథ అక్కడితో ఆగిపోతుందనీ చెప్పి, నాన్నకు నడుం వంచి నమస్కరించారు.

"వావ్. ఇలా మీకెలా తట్టింది అంకుల్?" అన్నాడు రఘు.

నాన్న ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. "కాంట్రాక్టు పనుల్లో చూస్తంటాంగా బాబూ" అన్నాడు, నేను నేర్పినట్టే.

నాకు తల కొట్టేసినట్టయింది. "కాంట్రాక్టు కాదు రఘూ. మా నాన్న ఊరూరా తిరిగి తిరగళ్ళకి కక్కు కొట్టేవాడు. ఆ ఉలితోనే నన్ను ఎంసీఏ చదివించాడు. నీకు నేనే అబద్ధం చెప్పాను" అన్నాను.

రఘు కెమెరా మెడలో వదిలేసి నాన్న పక్కకి వెళ్ళాడు. "పొన్నూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళింటికి కూడా వచ్చేవాళ్ళు అంకుల్. మీరేనా?"

"ఆ పక్కకి నేను రాలా. అటంతా మా బావ తిరిగేవాడు. మా బావది పలచ దెబ్బ, పిండి బరగ్గా పడిద్ది" అన్నాడు నాన్న.

ముగ్గురం పడీ పడీ నవ్వాం. బూట్లు విప్పి సంచీలో పట్టుకుని, నిచ్చెనల్లాంటి చెక్క మెట్లెక్కి పైఅంతస్తుకి చేరేదాకా నాన్న రఘుకి ఉలి దెబ్బల్లో రకాలు చెబుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం అరగంట బస్సులో షోషా కొండకు వెళ్ళి, రోప్‌వే ఎక్కి పాత గుడి చూశాం. రోప్‌వే రానూపోనూ తొమ్మిది వందల యెన్‌లు, పైన దేవదారు చెట్ల నీడలో నడక హాయిగా ఉంటుంది. అక్కడా మాటలు ఆగలేదు.

మూడు నెలల్లో మా నాన్న అంతసేపు మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను. ఇంగ్లీషు రాక ముంగిలా కూర్చుంటున్నాడని అనుకున్నాను గానీ, ఆయనకు తెలిసిన సంగతులన్నిటికీ నేనే తాళం వేశానని తట్టలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. హిమేజీ వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఆ రాయి చిన్నది, మేడ ఎక్కే తొందరలో అందరూ దాటిపోతారు. గైడుని అడిగి చూడండి. కథ అయిపోయాక వెంటనే కదలకండి, మీ వెంట వచ్చిన పెద్దవాళ్ళు ఏమంటారో ఆగి వినండి.