కంది సాళ్లలో వంగి చూసే మనిషి

మా సీనియర్ డ్రోన్ పైలట్ ఈ పని మానేసి రెండేళ్లయింది. ఇప్పటికీ కంది చేను కనబడితే నా నడుం దానంతటదే వంగుతుంది.

మైదుకూరు దగ్గర చేలకు డ్రోన్‌తో మందు కొట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కంది మనిషెత్తు పెరిగి ఉండేది. ఆయన డ్రోన్ గట్టున పెట్టి చేనంతా తిరిగేవాడు. ప్రతి సాలు మొదట్లో వంగి, చివరిదాకా చూసి, నడుం పట్టుకుని లేచేవాడు. రైతు విసుక్కునేవాడు. ఎండ ముదిరి గాలి లేస్తుందేమోనని నాకు తొందర.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "లోపల ఎవరన్నా ఉన్నారా అని గట్టు మీద నిలబడి కేకేస్తే చాలదా అన్నా? రూలు అంతే గదా."

ఆయన నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"నువ్వు రాకముందు ఒక చేన్లో అట్లనే కేకేసినానప్పా, మూడుసార్లు. లైసెన్సు ఉండాది, పర్మిషన్ ఉండాది. ఎవురూ పలకలేదు, ఎగరేసినా. లోపల ఒకామె గడ్డి కోస్తా ఉండింది. ఆయమ్మకు పుట్టు చెవుడు. రెక్కల గాలి తగిలితే ఏందోనని తలెత్తి చూసింది. మందు నేరుగా కండ్లల్లో పడింది."

"మరి కేసు?"

"విచారించినారు. నా తప్పేం లేదని రాసినారు."

"ఆమె?"

"వేంపల్లెలో ఉండాది. చూపు రాలేదు. నెలకొకసారి పోయి ఎదురుగా కూసుంటా." ఆయన మూత బిగించాడు. "తప్పయిందమ్మా అని ఆయమ్మకు ఎట్ల చెప్పాలప్పా?"