తెర పక్కన నిలబడిన ఆపా

మొన్న శుక్రవారం గుత్తి నుంచి ఆపా అల్లుడు వచ్చి, బడి గేటు దగ్గరే నిలబడి, ఆమె పోయారని చెప్పాడు. జ్వరం నాలుగు రోజులే ఉందట. ఆ మాట విని నేను తిరిగి తరగతిలోకి వెళ్లాను గాని పాఠం చెప్పలేకపోయాను. ఆడపిల్లల బడిలో ఆమె, నేను పన్నెండేళ్లు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం. ఆపా అంటే అక్క; ఊళ్లో అందరికీ ఆమె ఆపాయే. ఆమెను చాలామంది టీచరుగా ఎరుగుదురు. నాకు మాత్రం ఆమె తలపుకు వస్తే కనబడేది బడి కాదు, తెర.

అనంతపురంలో అప్పట్లో సొంతంగా చిన్న చిన్న సినిమాలు తీసుకునే సంఘం ఒకటి ఉండేది. ఆపా భర్తకు ఫోటో స్టూడియో ఉంది. చేత్తో కీ తిప్పే కెమెరా, పాత ప్రొజెక్టరు ఆయనవే. నెలకొక ఆదివారం మధ్యాహ్నం స్టూడియో వెనక గదిలో కిటికీకి కంబళి కట్టి, తీసిన రీళ్లు వేసుకుని చూసేవాళ్లం. బొమ్మ కదిలేది గాని మాట వినబడేది కాదు. మాట పెట్టే యంత్రం కొనే స్తోమత ఎవరికీ లేదు. అందుకే ఆపా తెర పక్కన నిలబడి, బొమ్మల్లోని మనుషుల మాటలు తానే చెప్పేవారు. మాటలు రాసిచ్చేది సంఘం కార్యదర్శి, ఒక వకీలు గారు.

మగవాళ్ల మధ్య ఆమె అలా నిలబడటం బంధువులకు నచ్చలేదు. వాళ్లు వచ్చి అడిగితే ఆమె భర్త నవ్వి, "ఇంట్లో మాట్లాడేది ఆమె, వినేది నేను. ఆ గదిలోన మాత్రం మార్చల్లనా?" అన్నారు. అయినా ఒంటరిగా వెళ్లకుండా ఆపా తోడుగా నన్ను తీసుకెళ్లేవారు. మాట మొదలుపెట్టే ముందు గ్లాసెడు నీళ్లు తాగేవారు. ముసలివాడికైనా పసిపిల్లకైనా గొంతు మార్చేవారు కాదు. "మనిషి మొహం చూస్తే చాలమ్మా, మాట అదే వస్తాది" అనేవారు.

కరువు బాగా ముదిరిన ఏడు వకీలు గారు, ఆపా భర్త బెళుగుప్ప వైపు వెళ్లి, కరువు పనుల కింద తవ్వుతున్న బావులను రీలుకెక్కించి తీసుకొచ్చారు. అందులో ఒక రైతు బావి లోపల, గట్టుకు కొంచెం కింద నిలబడి కెమెరాకేసి చెయ్యెత్తి ఏదో అంటాడు. గాలి హోరులో ఆ మాట వీళ్లకు వినబడలేదు. వకీలు గారు "ఇంకొంచెం తవ్వితే నీళ్లు పడతాయి" అని రాశారు. ఆపా ఆ మాట చెప్పినప్పుడల్లా గదిలో చప్పట్లు పడేవి.

ఒక ఆదివారం గుమ్మంలో ఒకామె చంకలో బిడ్డతో నిలబడింది. పక్కన ఆమె అన్న. "మా ఆయప్ప ఈడ అగపడతాడంట. చూసేకి వచ్చినాము" అంది. ఎవరని అడిగితే ఆమె అన్న చెప్పాడు: ఆ రైతు ఈమె భర్త. సంఘం వాళ్లు రీలు తీసి వెళ్లిన నెలకే బావి గట్టు జారి మీద పడింది. మట్టి తీసేసరికి ప్రాణం లేదు.

రీలు వేశారు. రైతు చెయ్యెత్తాడు. అలవాటు కొద్దీ ఆపా నోట రాసిచ్చిన మాట వచ్చేసింది.

"ఆయప్ప అట్ల అనలేదు," అంది ఆ రైతు భార్య లేచి నిలబడి. "నేను పక్కనే మట్టి ఎత్తుతాంటి. 'ఎనక్కి పోండప్పా, అంచు జారుతాండాది' అన్నాడు. మీరు పడిపోతారని."

ప్రొజెక్టరు ఆపారు. ఆపా రీలు మళ్లీ మొదటి నుంచి వేయమన్నారు. ఈసారి ఆమె చెప్పినట్టే చెప్పారు.

"ఇంకా గట్టిగ అన్నాడమ్మా."

ఆపా గట్టిగా అన్నారు. ఆమె బిడ్డను గుండెకు అదుముకుని, "గొంతు నీదే గానీ, అన్న తీరు ఆయప్పదే" అని కూలబడిపోయింది.

ఆ వారమే కరువు పనుల అధికారులకు ఆ సినిమా చూపించాలి. వకీలు గారు ఆపాను బతిమాలారు. "ఆ మాట చెప్తే బావుల పని ఆపేస్తారు టీచరమ్మా. కూలి లేకపోతే ఆ జనం ఏం తినల్ల?"

ఆపా చివరికి, "ఆయప్ప పని ఆపమనలేదు. ఎనక్కి పొమ్మన్నాడు. అంతే చెప్తా" అన్నారు.

చెప్పారు. వకీలు గారు భయపడినంతా జరిగింది. పనులు ఆగాయి. కొన్ని కుటుంబాలు మూటలు నెత్తిన పెట్టుకుని బళ్లారి దారి పట్టాయి. బావుల చుట్టూ రాతికట్టు వేయమని ఆర్డరు వచ్చి పని మళ్లీ మొదలయ్యేదాకా ఆపా సరిగా అన్నం తినలేదు. "నా నోటిమాటకు ఎన్ని పొయ్యిలు ఆరినాయో" అనేవారు. ఆమె చేసింది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు. వకీలు గారు మాత్రం ఆ తర్వాత ఎవరినైనా సినిమా తీస్తే, వాళ్లేమన్నారో అక్కడే అడిగి రాసుకుని వచ్చేవారు.

ఆ మాట ఆపాను వదల్లేదు. బడి మెట్ల మీద పిల్లలు తోసుకుంటుంటే ఒక్కసారిగా "ఎనక్కి పోండప్పా" అని కేక వేసేవారు. ఆడపిల్లలను అప్పా అని పిలిచేదేమిటని పిల్లలు నవ్వేవారు. నాకు నవ్వు వచ్చేది కాదు. "అది నేనన్నది కాదు. నాకు తెలీకుండానే వస్తాది" అనేవారు నాతో.

వానలు తిరిగి పడిన కొన్నేళ్లకు ఆ రైతు భార్య కబురు పెడితే ఇద్దరం బెళుగుప్ప బస్సెక్కాం. బావికి రాతికట్టు ఉంది, అడుగున పచ్చటి నీళ్లు ఉన్నాయి. అప్పటి చంకబిడ్డ కట్టు మీదికెక్కి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"వీనికి నాయన గొంతు తెల్దు," అంది తల్లి. "ఒక్కసారి అను టీచరమ్మా."

ఆపా వద్దన్నట్టు తల ఊపారు. తర్వాత బావికి అవతలి పక్కకు నడిచి వెళ్లి, చెయ్యెత్తి, ఆ మాట అన్నారు. బావిలోంచి అది మరోసారి వినబడింది. పిల్లవాడు ఆపా వైపు చూడలేదు. నీళ్లకేసే చూస్తూ, కట్టు దిగి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోయాడు, వీపు తల్లి మోకాళ్లకు తగిలేదాకా.