ఆగమన్న చెయ్యి

మా వీధి చివర మిగిలిన ఒక్క ఖాళీ స్థలంలో ఇల్లు కడుతున్నారు. పోయిన వారం మట్టి తవ్వే యంత్రాన్ని లారీ మీద తెచ్చారు. అది దిగుతుంటే ఇనుప చైన్ల లింకులు ఒక్కొక్కటీ లారీకి ఆనించిన పలక మీద పడుతున్న చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినిపించింది. ఆ తర్వాత తారు మీద కరకర. తెరిచిన కిటికీలోంచి వేడెక్కిన గ్రీజు వాసన. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. యంత్రం మీద కాదు, దాన్ని నడిపేవాడి మీదా కాదు. మెల్‌బోర్న్ శివార్లలో ఈ పాయింట్ కుక్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు నన్ను చాలా నెమ్మదస్తుడంటారు. ఆ మాట విన్నా అంతే, ఒళ్ళు మండుతుంది. నా నెమ్మదితనం ఒక మనిషికి ఏం చేసిందో వాళ్ళకు తెలియదు. ఆయన పేరు ఆశీర్వాదం. మేమంతా ఆశీర్వాదం అంకుల్ అనేవాళ్ళం.

ఎనభైల చివర నేనూ నా భార్య విమలా సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్లో ఉండేవాళ్ళం. నేను ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో తాత్కాలిక ఉద్యోగిని. ఆదివారాలు బ్లాక్‌టౌన్‌లో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్ళం ప్రార్థనకు కలిసేవాళ్ళం. అంకుల్‌ని మొదటిసారి చూసింది అక్కడే. జనవరి ఎండ. పాస్టరుగారి ప్రసంగం మధ్యలో, యాభై దాటిన ఒక మనిషి లేచి నిలబడ్డాడు. "పాస్టరుగారూ, ఒక్క నిమిషం. ఆ రెండు ఫ్యాన్ల ముందూ ప్రతి వారం ఆ నాలుగు కుటుంబాలే కూర్చుంటన్నాయి. ఈ గోడ పక్కన ముసలమ్మలు ఉడికిపోతన్నారు. వాక్యం చల్లగా ఉన్నోళ్ళకేనా?" అన్నాడు. హాలంతా తలలు దించుకుంది. పై వారానికి ఫ్యాన్లు గోడ పక్కకు వచ్చాయి. ఆయన నోరు మంచిది కాదని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అదే విషయం నాకూ నెలల తరబడి కనిపిస్తూ ఉందని, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నానని మాత్రం ఒప్పుకోలేదు.

ఆయనది రేపల్లె దగ్గర ఊరు. మన సైన్యంలో ట్యాంకులు బాగుచేసే విభాగంలో పనిచేసి, సుశీల ఆంటీకి ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చాడు. బుల్డోజర్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. చుట్టూ అందరూ ఇళ్ళు కొనుక్కుంటున్న రోజుల్లో ఆయన ఒక రైతు పొలంలో తుప్పుపట్టి పడున్న క్యారియర్‌ని కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. పైకప్పు లేని చిన్న ట్యాంకు అనుకోవచ్చు: ఛాతీ ఎత్తు ఇనుప గోడలు, రెండు వైపులా చైన్లు, మధ్యలో ఇంజను. యుద్ధమయ్యాక ఇలాంటివాటిని ఇక్కడి రైతులు చెట్ల మొద్దులు పీకడానికి కొనుక్కున్నారట. బ్లాక్‌టౌన్ దాటాక ఒక పాత కోళ్ళ ఫారంలో షెడ్డు అద్దెకు తీసుకుని, శనివారాలన్నీ అందులోనే గడిపి దాన్ని నడిచేట్టు చేశాడు. "అందరి మొగుళ్ళూ ఇల్లు కొంటే మా ఆయన యుద్ధం కొన్నాడు" అనేది ఆంటీ. ఆమె ఆ షెడ్డు గడప తొక్కేది కాదు.

నన్ను మాత్రం ఆయన పట్టుకున్నాడు. చైను పిన్నులు మార్చడానికి రెండో మనిషి కావాలి. ఒకడు పిన్ను మీద పోగరు అనే ఇనుప కడ్డీ నిలబెట్టి పట్టుకుంటే ఇంకొకడు సుత్తితో కొట్టాలి. పట్టుకునేది నేను. "కళ్ళు మూసుకోమాకయ్యా, కొట్టేది నేను కదా, నీకెందుకు భయం" అనేవాడు. నడపడం కూడా ఆయనే నేర్పాడు. స్టీరింగు కొంచెం తిప్పితే చైను వంగి బండి మెత్తగా మళ్ళుతుంది. ఇంకా తిప్పితే ఒక వైపు చైనుకు బ్రేకు పడి ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది. నేను లాగేసేవాణ్ణి. "లాగమాక. బండిని అడుగు. లాగితే తిరగబడుద్ది." మోచేతి పక్కనే ఇంజను వేడి, కింద నేల అదురు. ఆ గడ్డి మైదానంలో నేను మనస్ఫూర్తిగా నవ్వినట్టు ఆ దేశంలో మరెక్కడా నవ్వలేదు.

అక్కడే ఒక నియమం నేర్పాడు. క్యారియర్ నడిపేవాడికి ముందున్న నేల కనిపించదు. మనుషులున్న చోట కదిలించాలంటే ఒకడు బండికి ఎదురుగా, డ్రైవరుకు కనపడేట్టు, వెనక్కి నడుస్తూ చేతులతో దారి చూపించాలి. పిడికిలి పైకెత్తితే ఆగాలి. ఒకసారి నేను దారి చూపిస్తూ, విమల టిఫిను తెచ్చిందని అటు తిరిగి పలకరించాను. ఆయన బండి ఆపి, దిగి, నా ముందుకొచ్చి విమల ముందే కేకలేశాడు. అన్నీ అరిచాక గొంతు తగ్గించాడు. సైన్యంలో ఉండగా రెండు బండ్ల మధ్య ఒక కుర్రవాడు నలిగిపోవడం చూశానన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. "నీ చెయ్యి లేస్తే నేను ఆగుతా. ఎందుకని అడగను. అడిగేలోపల మనిషి పోతాడు. కాబట్టి ఆ చెయ్యి ఊరికే లేవకూడదు. అర్థమైందా?" అర్థమైందన్నాను.

మా ల్యాబ్ మేనేజరు గ్రెగ్ దగ్గర ఒక సైనిక జీపు ఉండేది. పాత సైనిక వాహనాలున్నవాళ్ళ క్లబ్బుకు పెద్ద కూడా అతనే. ఒకరోజు భోజనాల దగ్గర గొప్పలకు పోయి అంకుల్ గురించి చెప్పాను. అతను వెంటనే తీసుకురమ్మన్నాడు. నా మీద అతనికి మంచి అభిప్రాయం కలుగుతుందని ఆశపడ్డాను. అంత చిన్న ఆశతోనే ఇదంతా మొదలైంది. క్లబ్బులో అంకుల్‌ని ఆష్ అని పిలిచారు. ఇంకో రెండు క్యారియర్లుంటే వాటి చైన్లు ఆయనే బాగుచేసి పెట్టాడు. బార్బీక్యూ విందులకు పిలిచి, బీరిచ్చి వీపు తట్టారు. కానీ ఏటా షోగ్రౌండ్‌లో జనం ముందు వాహనాలు చుట్టూ తిరిగే రోజు వచ్చేసరికి ఆయన బండి మాత్రం తాడు కట్టిన చోట బొమ్మలా నిలబడి ఉండాలి. ఒక ఏడు ఇన్సూరెన్సు కుదరలేదన్నారు. మరో ఏడు వరస నిండిపోయిందన్నారు. "నెక్స్ట్ ఇయర్, మేట్."

మూడో ఏడు క్లబ్బు మీటింగులో అంకుల్ లేచాడు. తన ఇంగ్లీషులో, తడుముకోకుండా, "నేను బాగుచేసిన చైన్లు నడవొచ్చు. నేను నడవకూడదా? కారణం చెప్పండి" అని అడిగాడు. గ్రెగ్ నవ్వాడు. జనానికి పాత డిగ్గర్లను ఆ బండ్లలో చూడటం ఇష్టమని, అది వాళ్ళకు ఒక సెంటిమెంటని అన్నాడు. అక్కడ పాత సైనికుణ్ణి డిగ్గర్ అంటారు. "ఐ యామ్ ఆల్సో ఓల్డ్ సోల్జర్" అన్నాడు అంకుల్. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాను. కారులో తిరిగొస్తూ కూడా నేను ఊరుకోలేదు.

"వదిలేయండి అంకుల్. మనం వచ్చింది వాళ్ళ దేశం. మనకెందుకీ గొడవ."

"మనం అంటే ఎవరయ్యా? నువ్వూ నేనా, నువ్వూ ఆ గ్రెగ్గూనా?"

నాకు కోపమొచ్చింది. ఇంటికెళ్ళి విమల ముందు ఆయన్ని మొరటువాడన్నాను. ఆమె అన్నం వడ్డిస్తూ, "ఆయన అడిగిందాంట్లో తప్పేముంది?" అంది. అప్పటికి నా పర్మనెంట్ ఉద్యోగం కాగితాలు గ్రెగ్ దగ్గరున్నాయి.

అయినా ఆయన అడిగినదానికి క్లబ్బులో కొందరు సిగ్గుపడినట్టున్నారు. ఆ ఏడు వరసలో చివర ఆయన బండి కూడా వెళ్ళవచ్చన్నారు. షో రోజున అంకుల్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మొదటిసారి ఆంటీ కూడా వచ్చింది. విమల పక్కన మెట్ల మీద కూర్చుంది. "రెండు చుట్లు, సుశీలా. అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి నీ ముందునుంచే పోతా" అని చేత్తో చూపించి చెప్పాడు. ఆమె మూతి తిప్పుకుంది. కానీ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

వాహనాలన్నీ జనం మధ్యనుంచి మైదానం గేటు దాకా రావాలి. నేను క్యారియర్‌కు ఎదురుగా వెనక్కి నడుస్తూ దారి చూపిస్తున్నాను. జీపులు, లారీ, రెండు క్యారియర్లు లోపలికి వెళ్ళాయి. మేం గేటు దగ్గరికి వచ్చేసరికి గ్రెగ్ నా పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"టైం దాటిపోయింది, మేట్. ఆష్‌ని ఇక్కడే ఆపెయ్. నేను చెబితే రచ్చ చేస్తాడు. నువ్వు చెబితే వింటాడు." వెళ్ళబోతూ ఆగాడు. "మండే నీ జాబ్ సంగతి మాట్లాడదాం."

టైం దాటలేదు. ముందు వెళ్ళిన జీపులు ఇంకా మొదటి చుట్టే తిరుగుతున్నాయి. అది నా కళ్ళకు కనిపిస్తోంది. నువ్వే చెప్పుకో అనొచ్చు. పక్కకు తప్పుకోవచ్చు. కనీసం బండి ఎక్కి అంకుల్ చెవిలో ఇదీ సంగతని చెప్పొచ్చు. అప్పుడు ఆయన అరిచేవాడు, జనం చూసేవాళ్ళు, ఎవరో ఒకరు సమాధానం చెప్పుకోవలసి వచ్చేది. అదే నాకు ఇష్టం లేకపోయింది. నేను పిడికిలి పైకెత్తాను.

ఆయన ఆగాడు. ఆ క్షణంలోనే ఆగాడు. ఇంజను కట్టేసి, సీట్లోంచి సగం లేచి, ఇనుప గోడ మీదినుంచి చైన్ల ముందుకు వంగి చూశాడు. అంత ధైర్యస్థుడి ముఖంలో అంత భయం నేను అంతకు ముందు చూడలేదు.

"ఎవరు? పిల్లలా? కిందెవరున్నారు?"

"ఎవరూ లేరంకుల్. టైమైపోయిందంట. మనల్ని ఇక్కడే ఆగమన్నారు."

ఆయన గేటు వైపు చూశాడు. ఇద్దరు మనుషులు దాన్ని మూస్తున్నారు.

"ఆగమన్నదెవరు?"

"గ్రెగ్."

"చెయ్యి లేపింది?"

దానికి నేనన్న మాట ఇంకా అన్యాయం. "మీ మంచికే అంకుల్, అందరి ముందూ గొడవెందుకని" అన్నాను. ఆయన తిడతాడని చూశాను. తిట్టలేదు. ఫ్యాన్ల కోసం పాస్టరుగారితో పోట్లాడిన మనిషి, పిన్ను వంకరైతే ఇనుముని తిట్టే మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు.

బండిని జనం మధ్యనుంచి తిరిగి లారీ దగ్గరికి తీసుకెళ్ళాలి. నేను అలవాటుగా ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఇంజను స్టార్ట్ చెయ్యలేదు. నా మీదుగా మెట్ల వైపు చూసి, "సుశీలా, ఇట్రా" అని పిలిచాడు. ఆంటీ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని దిగి వచ్చింది. ఏం జరిగిందని అడగలేదు. ఆమెకు అక్కణ్ణుంచి అంతా కనిపించే ఉంటుంది. "ఏమీ లేదు. నాకు కనపడేట్టు ఎదురుగా నిలబడు. మెల్లగా వెనక్కి నడువు. ఎవరన్నా అడ్డమొస్తే చెయ్యెత్తు, చాలు" అన్నాడు, పిల్లలకు చెప్పినట్టు. ఆ బండిని ఏనాడూ ముట్టుకోని మనిషి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, వెనక్కి నడుస్తూ అందరి మధ్యనుంచీ దాన్ని తీసుకెళ్ళింది. నేను పక్కకు తప్పుకున్నాను. తప్పుకోవలసినప్పుడు తప్పుకోలేదు, అక్కర్లేనప్పుడు తప్పుకున్నాను.

సోమవారం గ్రెగ్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతో బ్రతికాను, పిల్లల్ని చదివించాను. అంకుల్ క్లబ్బు మానేశాడు. శనివారాలు కోళ్ళ ఫారం గడ్డిలో క్యారియర్ నడిపేవాడనీ, ముందు ఆంటీ నడిచేదనీ విమల చెప్పేది. విమలను మాత్రం వాళ్ళు పిలిచేవాళ్ళు. ఒక శనివారం ధైర్యం చేసి నేనూ వెళ్ళాను. ఆయన గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. ఉద్యోగమెలా ఉందని అడిగాడు. నేను తట్టుకోలేకపోయాను.

"నన్ను తిట్టండి అంకుల్."

"నేను తిట్టేది నా ముందు నడిచేవాళ్ళనయ్యా. టీ తాగు."

కొన్నేళ్ళకు మేం మెల్‌బోర్న్ వచ్చేశాం. ఆయన పోయినప్పుడు ఆంటీ ఫోన్ చేసింది విమలకే.

నేను రిటైరవడానికి కొంచెం ముందు, ఇక్కడ నా సెక్షన్‌లో నస్రీన్ అని హైదరాబాదు అమ్మాయి ఉండేది. ఆమె చేసిన పని గురించి బయటినుంచి వచ్చినవాళ్ళకు చెప్పాల్సిన రోజున, ఆమెను పక్కన పెట్టి ఇంకొకరిని నిలబెట్టారు. నేను మేనేజరు గదికి వెళ్ళి తలుపు తీసే ఉంచి, పని చేసినవాళ్ళు దాని గురించి చెప్పకూడదా, కారణం చెప్పండని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు. ఏమీ మారలేదు. కారు పార్కింగ్ దగ్గర నస్రీన్ పరుగున వచ్చి నన్ను ఆపింది. "సర్, ప్లీజ్, ఛోడ్ దీజియే. మనకెందుకు సర్ లొల్లి? నా కాంట్రాక్ట్ రెన్యువల్ ఉంది" అంది. ఆమె కళ్ళల్లో నా మీద భయం కనిపించింది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. ఆ మాట అంత చక్కగా ఆమె నోటికి ఎలా వచ్చిందో నాకు తెలుసు. నాలాంటివాళ్ళు నెమ్మదిగా, మర్యాదగా, ఏళ్ళ తరబడి అంటూ వచ్చిన మాట అది. ఆమె పేరు మళ్ళీ ఎత్తనని మాటిచ్చాను. మర్నాడు మేనేజరు గదికి తిరిగి వెళ్ళి, ఈసారి నా పేరు మీదే, ముందురోజు అడిగిందే అడిగాను. గొంతు తగ్గించలేదు.