తలుపు కింద వెలుతురు

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. లోకంలో ఏది చెడిపోయినా ఎక్కడో ఒక స్క్రూ వదులైందనే ఆయన నమ్మకం. అక్కకి తలనొప్పి వస్తే మెడ వెనక స్క్రూ వెతికే రకం. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఉద్యోగం కోసం వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ ఆయనతో నాకు రోజూ గొడవే.

వాళ్ల కారు షెడ్డుకి, మీట నొక్కితే దానంతటదే దిగే తలుపుంది. షెడ్డు మీది గదిలో బావ వాళ్లమ్మ, అంటే మా అత్తయ్య ఉండేది. ఒకరోజు ఆ తలుపు కింద సన్నని వెలుతురు గీత కనపడింది. తలుపు నేలను తాకకుండానే ఆగిపోతోంది. బావ నిచ్చెనెక్కి మోటారు పక్కనున్న స్క్రూ కాస్త తిప్పాడు. అది తిప్పితే తలుపు ఇంకొంచెం కిందికి దిగి ఆగుతుంది. గీత పోయింది.

"చూశావా మరదలా, పనితనం!" అని మీసం దువ్వుకున్నాడు.

వారం తిరక్కుండానే గీత మళ్లీ వచ్చింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ వచ్చింది, ఈసారి వేలు దూరేంత. నాకు ఒళ్లు మండింది.

"బావా, తలుపు ఆగాల్సిన చోటే ఆగుతోంది. నేలే కిందికి పోతోంది."

"నేల ఎక్కడికి పోతుందే, పుట్టింటికా?" అని పగలబడి నవ్వాడు.

అక్క నవ్వలేదు. షెడ్డులో నిలబడితే కాళ్ల కింద ఎవరో గుటకలు వేస్తున్నట్టు చప్పుడవుతోందట. "ఏమండీ, ఆ గది కుంగితే అత్తయ్యగారి గతేంటి? ఆవిణ్ణి ముందుగదిలోకి మార్చి, ఎవరైనా మేస్త్రీని పిలవండి," అని బతిమాలింది.

"తలుపుకి జబ్బు చేస్తే ఇంటికి మందా? మా అమ్మ అక్కడ హాయిగా ఉంది."

అత్తయ్యదీ అదే పాట. "వాడు చూసుకుంటాడులే అమ్మా. వాడి చేతిలో పడ్డాక ఆగిపోయిన గడియారం లేదు."

ఆ గుటకలు నేనూ విన్నాను. పట్టపగలు, వీధిలో పిల్లలు అరుచుకుంటూ ఆడుతుంటే విన్నాను. తాగేది నీళ్లో మట్టో గానీ, తీరిగ్గా తాగుతోంది. ఆరోజే స్క్రూ చివరికొచ్చి ఇక తిరగనంది. తలుపు కింద వెలుతురు ఇంకా బెత్తెడుంది. బావ నిచ్చెన దిగి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వాకిట్లోంచి ఆయన కేక. అక్కా నేనూ పరిగెత్తాం. తలుపు కింద గీత లేదు. చీమ కూడా దూరనంతగా నేలని కరుచుకుని ఉంది.

"నేను ముట్టుకోనైనా లేదు! తనంతట తనే సర్దుకుంది. ఇప్పుడేమంటావు మరదలా?"

పోయిన నేల తిరిగి పైకి రాదు కదా, మరి తలుపు దాన్నెలా అందుకుంది?

బావ మీట నొక్కాడు. మోటారు మూలిగింది. తలుపు కదల్లేదు. పైన గదిని మోసే దూలం కిందికి దిగి దాని నెత్తిన కూర్చుంది.

మీది గది కిటికీలోంచి అత్తయ్య పిలిచింది. "ఒరేయ్, నా గది తలుపు తెరుచుకోవట్లేదురా."

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అన్నాళ్ల నా కోపమంతా ఒక్కసారిగా భయమైపోయింది.

"అమ్మా, కదలకు! నేనొస్తున్నా, కదలకు!" అని అరిచాడు.

"నేనెక్కడ కదులుతున్నానురా," అంది అత్తయ్య, "గది కదులుతోంది."