బ్యాటరీకి జలుబు చేసిందన్న మా మల్లేశన్న

నిన్న పొద్దున ఆటో ఛార్జింగ్ తీస్తుంటే ఫోన్ మోగింది. జర్మనీ నుంచి వదిన.

"మీ అన్న ఇగ లేడు సత్తీ" అంది.

"దవాఖానకు తీస్కపోయిండ్రా వదినా?" అని అడిగాను. విన్న మాట బుర్రకెక్కలేదు.

గుండెపోటట. నిద్రలోనే.

మొన్ననే వీడియో కాల్‌లో నా పొట్ట చూసి పకపకా నవ్విన మనిషి!

తెలియనివాళ్లకు చెబుతున్నా. మల్లేశన్న మా పెద్దనాయిన కొడుకు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, జడ్చర్లలో చదువుకుని, ఇంజినీరై జర్మనీలో సెటిలయ్యాడు. మొదట దవాఖానల్లో వాడే స్కానింగ్ మిషన్లు తయారుచేశాడు. తర్వాత ఒక ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలో, బ్యాటరీల లోపల ఏం జరుగుతోందో కెమెరాలతో చూసే పని.

"అప్పుడు మనుషుల కడుపులల్ల చూసిన, ఇప్పుడు బండ్ల కడుపులల్ల చూస్తున్న. బండ్లే నయం తమ్మీ, అబద్ధాలాడయి" అనేవాడు.

ఆయన మాట మీదే నేను ఎలక్ట్రిక్ ఆటో కొన్నాను.

మొదటి ఎండాకాలంలోనే అది సతాయించింది. సగం దారిలో ఆగిపోయేది. బండి నడవకపోతే మా ఇల్లు నడవదు. ఇంటికి తాళం వేసి పట్నంలో వాచ్‌మన్ పనికి పోదామని కిరాయి రూమ్ కూడా చూసి వచ్చాం. నా భార్య సామాన్లు మూట కడుతూ ఏడ్చింది.

అప్పుడే అన్న సెలవు మీద వచ్చాడు. చాయ్ కూడా తాగకుండా ఆటో సీటు ఎత్తి చూశాడు.

బ్యాటరీ మీద తడి గోనెసంచి!

మా అవ్వ పని. నీళ్ల కుండకు చుట్టినట్టు రోజూ తడిపి కప్పేది. "గీ ఎండకు మనమే ఆగుతలేం, అదెట్ల ఆగుతది బిడ్డా?" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అది మంచి ఐడియానే అనిపించింది.

అన్న సంచి తీసి పక్కన ఆరేశాడు. వేడిని రంగుల్లో చూపే చిన్న కెమెరా ఫోన్‌కు తగిలించి, అవ్వను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఫోన్‌లో బ్యాటరీ అంతా చల్లగా, నీలంగా ఉంది. వైరు బిగించినచోట మాత్రం తుప్పు పట్టి, ఎర్రగా మండుతోంది.

"అవ్వా, తడికి దీనికి జలుబైంది. జర పొడిగ ఉంచు, చాలు."

తుప్పు గీకి, కొత్త బోల్టు వేసి బిగించాడు. అంతే, బండి లేచింది.

అవ్వ వదిలితేగా! "మరి నా మోకాలు చూడు" అంటూ చీర జరిపింది. ఫోన్‌లో మోకాలు ఎర్రగా కనబడగానే వాడకట్టంతా వినేలా అరిచింది. "సూసిండ్రా? నొస్తుందంటె ఒక్కలన్న నమ్మిండ్రా!"

సాయంత్రానికి ముసలోళ్లంతా మా ఇంటి ముందు లైన్ కట్టారు. అంత పెద్ద ఇంజినీర్, ఓపికగా అందరి మోకాళ్లకూ ఫోటోలు తీశాడు.

తెల్లారి నా భార్య మూటలు విప్పేసింది.

ఈ రోజు బండి తీయొద్దనుకున్నాను. కానీ స్కూల్ పిల్లలు ఎదురుచూస్తారు కదా. తీశాను. ఏడ్చుకుంటూనే నడిపాను.

అన్నా, నువ్వు ఊరిడిచి అంత దూరం పోయినవ్.

నేను ఊరిడవకుంట చేసినవ్.

ఇగ ఏ ఫికర్ పెట్టుకోకు. నిమ్మలంగ పండుకో.