నలభై మూడో పేజీ

మా చరిత్ర మాస్టారు బందరులో పోయారని ఆయన మేనల్లుడు వచ్చి చెప్పేసరికి, నేను గుడివాడ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తున్నాను. ఏడుపు కంటే ముందు, ఆయన పుస్తకాన్ని తిట్టినవాళ్ల మీద కోపం వచ్చింది.

యుద్ధం రోజుల్లో, నలభై రెండు క్విట్ ఇండియా తిరుగుబాటులో మన పల్లెలు ఏం చేశాయో ఊరూరా తిరిగి అడిగి ఆయన పుస్తకం రాశారు. జనం ఎగబడి చదివారు. సమీక్షకులు మాత్రం ప్రాణం తీశారు. ఒకాయన ఇది నవల, చరిత్ర కాదన్నాడు. ఇంకొకాయన చరిత్రే గాని చదవబుద్ధి కాదన్నాడు. మూడో ఆయన అసలది ప్రజల తిరుగుబాటేనా అని రెండు వారాలు వాదించి, పుస్తకం పేరే తప్పు రాశాడు. "తిడితే తిట్టారు, చదివి తిట్టొచ్చు కదమ్మా" అనేవారు మాస్టారు.

అసలు తప్పు పట్టుకుంది చదువురాని మనిషి. దివిసీమలో ఒక రైతు టెలిగ్రాఫు తీగలు తెంపాడని నలభై మూడో పేజీలో ఉంది. పుస్తకం అచ్చయ్యాక మాస్టారు ఆ రైతు ఇంటి అరుగు మీద కూర్చుని ఆ పేజీ చదివి వినిపిస్తే, రైతు భార్య నాంచారమ్మ అందట: "ఆ రోజు ఆయన జొరంతో పడుకున్నాడండీ. తెంపింది నేను. మీరు ఈ సంగతులు అడగడానికి వచ్చినప్పుడు మీకు మజ్జిగ ఇచ్చింది కూడా నేనే. నన్నొక్క మాట అడిగారా?" రైతు తల దించుకున్నాడట.

పబ్లిషరుకు చెబితే, "అంతమంది విమర్శకుల్లో ఒక్కరూ ఆ తప్పు పట్టలేదు కదండీ, ఇంక మార్చడం దేనికి?" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ఉప్పెనలో నాంచారమ్మ పోయింది. అప్పటినుంచి మాస్టారు పుస్తకం ఎక్కడుందని తెలిస్తే అక్కడికి బస్సెక్కి వెళ్లి, ఆ వాక్యం కొట్టేసి ఆమె పేరు రాసి వచ్చేవారు. "అడగనిది నేను, దిద్దాల్సిందీ నేనే" అనేవారు.

మా లైబ్రరీకీ వచ్చారు. చెమటలు కక్కుతూ కలం మూత తీశారు. నేను పుస్తకం లాక్కున్నాను.

"మాస్టారూ, లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదండీ."

"నిజమేనమ్మా" అని మూత పెట్టుకుని బస్టాండుకి వెళ్లిపోయారు. నాకు అక్షరం విలువ చెప్పిన మనిషికి నేను రూలు చెప్పాను. సమీక్షకుల్ని తిట్టుకుని ఏం లాభం, నేనూ ఆ బాపతే.

నిన్న ఆ పుస్తకం తీశాను. రైతు పేరు కొట్టేసి, పైన నాంచారమ్మ అని రాశాను. పేపరు చదువుకుంటున్న ఒకాయన తలెత్తి, "లైబ్రరీ పుస్తకం మీద రాస్తున్నారేంటండీ?" అన్నాడు.

సిరా ఆరేదాకా పేజీ తెరిచే పట్టుకున్నాను.