రుద్ది చూడని మట్టి

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు హెలికాప్టర్ మమ్మల్ని దించింది. తూర్పు కాంగో. ఒక అగ్నిపర్వతం వాలు. సన్నటి వాన. తల మీద నీలి హెల్మెట్, ఒంటి మీద పదకొండు కిలోల కవచం, భుజాన రైఫిల్, చేతిలో నా పార. ఆ పార నేను ఎవరికీ ఇవ్వను. శాంతి దళానికి మా పటాలం పంపిన కంపెనీలో నేను పయనీర్ హవల్దార్‌ని. అంటే తవ్వేవాణ్ణి. బంకర్లు, కందకాలు, దారులు, గట్లు. అప్పటికి పద్నాలుగేళ్లుగా అదే పని.

మొదటి అడుగు వేయగానే నేల కొంచెం దిగి మళ్లీ లేచింది, పరుపు మీద నడిచినట్టు. వాన పడుతోంది, ఎక్కడా నీళ్లు నిలవలేదు. కాలెత్తి బూటు అడుగు చూశాను. శుభ్రంగా ఉంది. మా ఊరు భద్రాచలం అడవి అంచున. మాది నల్లరేగడి. వానాకాలం చేలో పది అడుగులు వేస్తే కాలికి కిలో మట్టి వేలాడుతుంది. ఇక్కడి మట్టీ అంతే నలుపు. కానీ కాలికి అంటదు.

నా వెనక దిగిన వంటవాడు వంగి పిడికెడు తీసి వాసన చూశాడు. మధిర దగ్గరి పల్లె, వ్యవసాయ కుటుంబం. నాకంటే నాలుగేళ్లు పెద్ద. వరస ఏమీ లేకపోయినా మామా అని పిలిచేవాణ్ణి.

"అల్లుడూ, ఇది మన రేగడే. ఎవడో ఎత్తుకొచ్చి ఇక్కడ పోసిండు."

"రేగడైతే బూటుకు అంటుకోవాలి గదా మామా."

"కొత్త చుట్టం కదా. నాలుగు రోజులు మర్యాదగానే ఉంటది."

కంపెనీలో మూడో తెలుగువాడు రేడియో ఆపరేటర్. బోనకల్ వాడు. నన్ను అన్నా అనేవాడు. ఆ నేల మీద వాడి మొదటి కందకం నేనే తవ్విచ్చాను. వాడికి మలేరియా వచ్చినప్పుడు తొమ్మిది రోజులు గస్తీలో వాడి రేడియో సెట్టు నేనే మోశాను. ముందే చెబుతున్నాను, గుర్తుంచుకోండి.

పోస్టు సముద్ర మట్టానికి రెండు వేల మీటర్ల పైన. ఆరింటికి పొగమంచు. పదింటికి ఎండ. రెండింటికి వాన. రోజూ ఇంతే. కింద ఊరు, అరటి తోటలు, చిక్కుడు మడులు, వారానికోసారి సంత. సంతకు వచ్చే దారి మీద సాయుధులు దిగకుండా చూడటం మా డ్యూటీ.

కందకం తవ్వుతుంటే గోడలో చారలు కనిపించాయి. జానెడు నలుపు, బెత్తెడు గోధుమ రంగు, మళ్లీ నలుపు. నాలుగడుగుల లోతులో మూడు నల్ల చారలు లెక్కపెట్టాను. మా దుబాసీ ఆ ఊరి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ఇంగ్లిష్ బాగా వచ్చు. చారల మీద వేలు పెట్టి చూపించాడు. కొండ పేలి ఎగిసినప్పుడల్లా బూడిద పడుతుంది. అది పొయ్యిలో బూడిద కాదు, గాజు పొడి లాంటిది, లోపలంతా సన్నటి రంధ్రాలు. ఈ వానలకు, ఈ వేడికి అది జల్దీ కరిగి మట్టి అవుతుంది. దాని మీద గడ్డి మొలుస్తుంది, ఆకు రాలుతుంది, కుళ్లుతుంది, నేల నల్లబడుతుంది. మళ్లీ కొండ ఎగుస్తుంది. గోధుమ చార కొండది, నల్ల చార గడ్డిది అన్నాడు. ఇసుక సంచులు ఆ మట్టితో నింపితే ఇంటి దగ్గర ఇద్దరం ఎత్తే బరువు అక్కడ నేనొక్కణ్ణే ఎత్తాను. ఆ తేలికతనం చూసి సంతోషించాను. తేలికగా ఉందంటే లోపల ఖాళీ ఉందని, ఆ ఖాళీలో ఏదో ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు.

వంటవాడు వంటశాల వెనక మడి చేసి మిరప విత్తనాలు వేశాడు. భార్య చీర కొంగు ముక్కలో మూటకట్టి ఇచ్చిన విత్తనాలు. నారు బాగా లేచింది. జానెడు ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. తెప్పించిన డీఏపీ వేశాడు. కదలలేదు. మళ్లీ వేశాడు. మాస్టారు నవ్వాడు. ఈ నేల భాస్వరాన్ని పట్టుకుంటే వదలదు, మొక్కకు ఇవ్వదు, ముందు పశువుల పేడ వేయండి అన్నాడు.

"చూసినవా అల్లుడూ, ఎంత పెట్టినా తింటది, పెట్టినోడికి మాత్రం ఏం ఇయ్యదు. మన మేజర్ సాబ్ లెక్కనే."

ఫోనులో భార్యకు మాత్రం మొక్కలు నడుము ఎత్తు వచ్చాయని చెప్పేవాడు. పక్కనే కూర్చుని నేను విన్నాను.

రెండో నెలలో కొత్త జనరేటర్ వస్తుందన్నారు. ఒకటిన్నర టన్ను బరువు. వంటశాలకు పైన వాలును కోసి పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు చదును చేయమని మా కంపెనీ కమాండర్ మేజర్ ఆర్డరు. ఆరుగురం నాలుగు రోజులు కోశాం. వెనక గోడ తొమ్మిది అడుగులు నిటారుగా నిలిచింది. ఒక్క పెళ్ల రాలలేదు. మేజర్ వచ్చి, నేల ఎలా ఉందో పరీక్షించి రాసివ్వు అన్నాడు.

మా వైపు దుక్కికి అదును చూసే పద్ధతి ఒకటుంది. పిడికెడు మట్టి ఉండ చేసి రొమ్ము ఎత్తు నుంచి వదలాలి. ముద్దలా అతుక్కుంటే నీళ్లెక్కువ. ముక్కలై చెదిరితే నేల ఆరింది, ఎద్దుల బరువు ఆపుతుంది. మా నాన్న అలా చూశాడు, నేనూ అలాగే చూశాను. ఐదు చోట్ల ఉండ చేశాను. ఐదూ చెదిరాయి. 'నేల గట్టిగా, ఆరి ఉంది. బరువు ఆపుతుంది' అని రాసి సంతకం పెట్టాను. అది నా మొదటి వాంగ్మూలం. దాన్ని నేను ఎప్పుడూ కాదనలేదు.

జనరేటర్ పెట్టిన మూడో వారం, మూడు రోజులు తెరిపి లేని వాన. నాలుగో పొద్దున మాస్టారు ఆ చదును దగ్గర ఆగి నన్ను పిలిచాడు. పిడికెడు మట్టి తీసి నా చేతిలో పెట్టాడు. నొక్కమన్నాడు. నొక్కాను. గట్టిగా ఉంది. ఇప్పుడు బొటనవేలితో రుద్దు అన్నాడు. రుద్దాను. ముందు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా వేలు జారింది. సబ్బు ముక్కలా అయింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. పొడిగా ఉందనుకున్న మట్టిలోంచి నీళ్లు. చేతిని కదపకుండా ఉంచమన్నాడు. ఉంచాను. మట్టి మళ్లీ బిగిసింది.

నొక్కితే నిలుస్తుంది, కుదిపితే జారుతుంది, ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు గట్టిపడుతుంది. వంగి జనరేటర్ కింది చెక్క దిమ్మెలు చూశాను. రోజుకు పద్నాలుగు గంటలు ఆ యంత్రం వణుకుతోంది. దిమ్మెల చుట్టూ నేల నూనె రాసినట్టు మెరుస్తోంది. ఒక మూల రెండు వేళ్ల లోతు దిగింది.

పదకొండు గంటలకు మేజర్ టెంటుకు వెళ్లాను. ఇరవై ఐదు నిమిషాలు నిలబెట్టాడు. ముగ్గురు అధికారుల ముందు చెప్పాను: మేం కోసిన గట్టు పనికిరాదు, నా పరీక్ష తప్పు, జనరేటర్ తీయాలి, లేదా కింద వంటశాల ఖాళీ చేయాలి.

"నెల కింద గట్టి అన్నది నువ్వే. ఇవాళ మెత్తనా? మట్టి డాక్టర్ రోజుకో మందు రాస్తున్నాడు" అన్నాడు హిందీలో. ముగ్గురూ నవ్వారు. చాయ్ వచ్చింది. నాలుగు కప్పులు. నాకు లేదు.

నేరుగా రేడియో బంకర్‌కు వెళ్లాను. బోనకల్ వాడే డ్యూటీలో ఉన్నాడు. పటాలం ఇంజనీర్‌కు పంపమని చీటీ మీద రాసిచ్చాను. 'జనరేటర్ గట్టు జారే ప్రమాదం. వెంటనే చూడాలి.' టైం పదకొండు నలభై.

"మేజర్ సాబ్‌కు తెలుసా అన్నా?"

"తెలుసు. వినలేదు. నువ్ పంపు."

"నా మెడకు చుట్టుకోదు గదా?"

"సంతకం నాది. నీ మెడ కాదు, నా మెడ."

"సరే పో. పంపుత. లాగ్‌బుక్కుల ఎక్కిస్త."

గంట తర్వాత మళ్లీ వెళ్లి అడిగాను.

"పంపిన అన్నా. ఎక్కించిన. ఊకె భయపడకు."

వంటవాడికి కూడా చెప్పాను, ఇంజనీర్‌కు చీటీ పోయిందని, రెండు రోజులు బయట టార్పాలిన్ కింద వండమని.

"వానలో పొయ్యి ఎట్ల అంటుకుంటది అల్లుడూ? వంద మందికి నువ్ తడిసిన కట్టెలు పెడతవా? ఇంజనీర్‌కు పోయింది గదా. వస్తడు, చూస్తడు."

నా మాట మీద కాదు, పంపానన్న వాడి మాట మీద వంటవాడు లోపలికి వెళ్లాడు.

మర్నాడు రెండు గంటల ఇరవై నిమిషాలు. నేను దిగువ కందకంలో ఉన్నాను. జనరేటర్ శబ్దం ఆగింది. తల ఎత్తేసరికి గట్టు లేదు. నల్లటి జావ వంటశాల మీదుగా పోతోంది. పెద్ద చప్పుడు కూడా లేదు. పారలు తీసుకుని పరుగెత్తాం. మేం చేరేసరికి ఆ జావ నిలిచిపోయింది. దాని మీద కాలు పెట్టాను. నా బరువు ఆపింది. కొన్ని నిమిషాల కింద పారిన నేల మా తొమ్మిది మందినీ మోసింది. మూడు గంటల ఐదు నిమిషాలకు వంటవాడు దొరికాడు. అప్పటికే పోయాడు.

పన్నెండో రోజున విచారణ. టెంటులో బల్ల, పటాలం నుంచి వచ్చిన ముగ్గురు అధికారులు. నా మొదటి కాగితం బల్ల మీద ఉంది. నా రెండో మాట, ఆ హెచ్చరిక గురించి మేజర్‌ను అడిగితే, 'నోటితో ఏదో చెప్పాడు, స్పష్టంగా లేదు' అన్నాడు. అది నేను ఊహించిందే. ఆ రోజు నవ్విన ముగ్గురినీ, మాస్టారినీ ఎవరూ పిలవలేదు. ఆపరేటర్‌ను పిలిచారు. వాడు నా వైపు చూడలేదు.

"హవల్దార్ సాబ్ నుంచి నాకు ఏ సందేశం రాలేదు."

లాగ్‌బుక్కు తెరిచారు. పదకొండు నలభై. 'పోస్టు అంతా సాధారణం.' వాడి చేతిరాతే. చీటీ లేదు.

నా సర్వీసు రికార్డులో మందలింపు ఎక్కింది. మూడు నెలలకు వాడికి ప్రమోషన్ వచ్చింది, భుజం మీద ఒక చార పెరిగింది.

డ్యూటీ ముగిసి వచ్చాక నేను పటాలం ఉద్యోగం మానేశాను. ఊళ్లో అందరూ ఒకటే అడిగారు, "ఆఫ్రికాల సింహాలు చూసినవా?" అని. సింహాలు లేవు, మట్టి ఉంది అంటే నవ్వారు. మళ్లీ విచారించమని పదకొండు దరఖాస్తులు పెట్టాను. ప్రతి జవాబులో ఒకటే వాక్యం: మీ సంతకంతో ఉన్న పరీక్ష కాగితం రికార్డులో ఉంది. పన్నెండోది ఈ వారం పంపాను.

ఆపరేటర్ ఇప్పుడు ఖానాపురం హవేలిలో ఉంటున్నాడు. పోయిన వానాకాలం వెళ్లాను. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. తాగలేదు.

"ఒక్కసారి నాతో మధిర రా. మామ భార్య ముందు ఒక్క మాట చెప్పు. అన్న చీటీ ఇచ్చిండు, నేను పంపలే అని. కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు."

"ఆ రోజు నువ్ పోంగనే మేజర్ సాబ్ వచ్చి చీటీ తీసుకున్నడు అన్నా. నేనేం చేస్త?"

"నేను మళ్లొచ్చి అడిగితే పంపిన అన్నవు."

నేను తాగని చాయ్ కప్పు వైపు చూశాడు.

"ఆ మాట నమ్మి ఆయన పొయ్యి దగ్గరికి పోయిండు. ఆమె నేనే చంపిన అనుకుంటున్నది."

"అయిపోయినదాన్ని మళ్ల తవ్వుడెందుకే అన్నా? పిల్లలున్నరు నాకు."

ఒక్కణ్ణే మధిర వెళ్లాను. ఆమె గుమ్మంలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను, గంటలు నిమిషాలతో సహా. అడ్డు రాకుండా విన్నది.

"ముందు గట్టిగుందని రాసిచ్చింది నువ్వే కదా అన్నయ్యా?"

"అవును."

"చీటీ ఇచ్చినట్టు ఎవరన్నా చెప్తరా?"

"చెప్పరు."

ఆమె తల వంచుకుని ఇంకో పది కాయలు తీసింది. తర్వాత అడిగింది.

"నేనిచ్చిన మిరప కాసిందా?"

"కాసింది" అన్నాను. "నడుము ఎత్తు పెరిగింది."

నా ఎరుకలో నేనిచ్చిన అబద్ధపు వాంగ్మూలం అదొక్కటే.

తిరుగు ప్రయాణంలో కిటికీ అవతల దున్నిన రేగడి. కళ్ల ముందు మాత్రం ఆ మధ్యాహ్నమే. వంటశాల ఉన్నచోట చదునైన నల్ల నేల. వాన ఆగింది. నేల మధ్యలో మామ పొడుగు కాడ గరిటె నిటారుగా నిలబడి ఉంది, ఎవరో కావాలని పాతినట్టు. దాని కిందే ఉంటాడని రెండు చేతులా పట్టుకుని లాగాను. నేల వదల్లేదు.